గేమింగ్ డిగ్రీకి 12 లక్షలు కట్టే ముందు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ పరీక్షలు రాశాడు. మార్కులు బాగానే వస్తాయి. కానీ ఇంజనీరింగ్ వద్దని, కథలను కామిక్స్‌గా, సినిమాలుగా, వీడియో గేములుగా మార్చి రాసే పని చేస్తానని అంటున్నాడు. గేమింగ్, యానిమేషన్ కలిపి నేర్పే నాలుగేళ్ల డిగ్రీకి 12 లక్షలు అవుతుందని, నెలాఖరులోగా అడ్వాన్సు కట్టాలని ఒక ప్రైవేటు యూనివర్సిటీవారు చెబుతున్నారు. మావారు సీఎస్‌ఈ తప్ప వేరే మాట వినరు. మా బావగారి అబ్బాయి డల్లాస్‌లో స్థిరపడ్డాడు. రేపు మావాడు ఎటూ కాకుండా పోతాడేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. సీఎస్‌ఈ, గేమింగ్ డిగ్రీ, ఫైన్ ఆర్ట్స్ – ఈ మూడింటినీ పోల్చి చెప్పండి.
– ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, మీరు అడిగిన పోలిక చెబుతాను. కానీ ముందుగా మీ ఉత్తరంలో లేని విషయం గురించి మాట్లాడాలి. ఫీజు ఎంతో రాశారు, గడువు ఎప్పుడో రాశారు, బావగారి అబ్బాయి ఏ ఊళ్లో ఉంటున్నాడో కూడా రాశారు. మీ అబ్బాయి ఇంతవరకు ఏం రాశాడో, ఏం గీశాడో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ప్రతి వేసవిలోనూ నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తుంటాయి, దాదాపు అన్నింటిలోనూ ఇదే లోటు కనిపిస్తుంది. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం కోర్సు కాదు. అతడు చేస్తానంటున్నది మీ కంటికి ఒక పనిలాగా కనిపించకపోవడమే అసలు కారణం. కాబట్టి ఆ పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను.

2013లో అమెరికాలోని నాటీ డాగ్ సంస్థ ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ అనే గేమ్‌ను విడుదల చేసింది. అందులోని ఎల్లీ అనే అమ్మాయి పూర్వకథ అదే ఏడాది నాలుగు సంచికల కామిక్‌గా వచ్చింది. ఎల్లీకి, ఆమె స్నేహితురాలు రైలీకి సంబంధించిన మరో భాగం 2014లో గేమ్‌కు అనుబంధంగా వెలువడి, ఆ గేమ్ ఆధారంగా 2023లో అమెరికా టీవీ చానెల్ హెచ్‌బీవో తీసిన సిరీస్‌లో ఏడో ఎపిసోడ్ అయింది. ఆ అనుబంధంలో ఇద్దరమ్మాయిలూ పాడుబడిన మాల్‌లో తిరుగుతూ ఒక ఆటల యంత్రం దగ్గరికి వస్తారు. గేమ్‌లో ఆ యంత్రం చెడిపోయి ఉంటుంది. రైలీ ఎల్లీని కళ్లు మూసుకోమని, తెర మీద పోరాటం జరుగుతున్నట్టుగా మాటలతో వర్ణిస్తూ ఉంటే, ఆడేవారు ఆ మాటలకు తగ్గట్టు బటన్లు నొక్కుతూ పోవాలి. సిరీస్‌లో మాత్రం యంత్రం వెలుగుతుంది, ఇద్దరూ మోర్టల్ కాంబాట్ ఆట నిజంగానే ఆడతారు. ఈ మార్పు ఎందుకు అవసరమైందో ఆలోచించండి. గేమ్ ఆడేవారి చేతిలో బటన్లుంటాయి కనుక, తెర మీద ఏమీ లేకపోయినా వారికి చేయడానికి పని ఉంటుంది. సోఫాలో కూర్చున్న ప్రేక్షకుడి చేతులు ఖాళీగా ఉంటాయి కనుక, అతడికి యంత్రం వెలుగు పడి మెరిసే ఆ రెండు ముఖాలు చూపించాలి. స్నేహం అదే, సన్నివేశం అదే, కానీ దానిని అనుభవించే మనిషి స్థానం మారింది. ఏది ఉంచాలో, ఏది వదలాలో, ఏది కొత్తగా కల్పించాలో నిర్ణయించడమే మీ అబ్బాయి చేస్తానంటున్న పని.

ఈ పని చేసినవారు ఎవరో కూడా చూడండి. గేమ్ రాసిన నీల్ డ్రక్‌మన్ చదివింది కంప్యూటర్ సైన్స్. 2004లో నాటీ డాగ్‌లో ఇంటర్న్‌గా చేరి, ప్రోగ్రామర్‌గా పనిచేసి, అక్కడి నుంచి డిజైన్‌కు, రచనకు వచ్చాడు. ఈ వాక్యాన్ని మీవారికి చదివి వినిపించండి, అయితే ఇక్కడే ఆపేయకండి. కామిక్ దగ్గరికి వచ్చేసరికి ఆయన ఫెయిత్ ఎరిన్ హిక్స్ అనే కామిక్ చిత్రకారిణితో కలిసి రాశాడు. సిరీస్ దగ్గరికి వచ్చేసరికి, 2019లో ‘చెర్నోబిల్’ సిరీస్‌తో పేరు తెచ్చుకున్న క్రెయిగ్ మేజిన్‌తో కలిసి రాశాడు. అంటే ప్రతి మాధ్యమంలోనూ ఆ మాధ్యమంలో అప్పటికే పాతుకుపోయిన మనిషి పక్కన ఉన్నాడు.

మన దగ్గరా ఇదే జరిగింది. ‘బాహుబలి’ విజయం తరువాత 2017లో యానిమేషన్ సిరీస్, మొబైల్ గేమ్, శివగామి పూర్వకథతో ఇంగ్లీషు నవల వచ్చాయి. ఆ నవల రాసిన ఆనంద్ నీలకంఠన్ ఇండియన్ ఆయిల్‌లో ఇంజనీరుగా పనిచేసినవారు. అయితే ఆయనకు ఆ అవకాశం వచ్చేనాటికే రావణుడి వైపు నుంచి రాసిన ‘అసుర’తో నవలాకారుడిగా పేరు స్థిరపడి ఉంది. అంతకు చాలా ముందు బాపు న్యాయశాస్త్రం చదివి, పత్రికలో కార్టూన్లు వేసి, గీత మీద పట్టు వచ్చాక సినిమాకు వెళ్లి, సన్నివేశాలను ముందే బొమ్మలుగా గీసుకుని తీశారు.

ఈ ఉదాహరణలను బట్టి నా అభిప్రాయం ఇది. కథను ఒక మాధ్యమం నుంచి మరో మాధ్యమానికి మార్చే పనిని ఎవరూ కొత్తగా డిగ్రీ పుచ్చుకున్నవారి చేతిలో పెట్టరు. కథ హక్కులకు డబ్బు పోసినవారు ముందుగా అడిగేది, నువ్వు ఇంతవరకు ఏం పూర్తి చేశావు అని. కాబట్టి మీ అబ్బాయికి ముందుగా ఒక్క మాధ్యమంలో పట్టు కావాలి. గేమింగ్‌నూ, యానిమేషన్‌నూ నాలుగేళ్లలో కలిపి నేర్పుతామనే డిగ్రీ మీద నాకు అనుమానం పుట్టేది సరిగ్గా ఇక్కడే.

ఆ అనుమానాన్ని దాచుకోకుండా చెబుతాను. ఇటువంటి కోర్సుల బ్రోషర్లలో కథ గురించి పెద్ద అక్షరాలుంటాయి, సిలబస్ తెరిస్తే సాఫ్ట్‌వేర్ల పేర్లుంటాయి. ఆ సాఫ్ట్‌వేర్లు నేర్చుకోదగినవే. కానీ యానిమేషన్‌కు వాడే బ్లెండర్ పూర్తిగా ఉచితం, గేములు తయారుచేసే అన్‌రియల్, యూనిటీ నేర్చుకునేవారికి ఉచితంగానే దొరుకుతాయి, వాటికి పాఠాలు కూడా కావలసినన్ని ఉన్నాయి. చదువు ముగిశాక వీఎఫ్ఎక్స్ (సినిమాలకు కంప్యూటర్‌తో దృశ్యాలు కల్పించే) స్టూడియోలో కొత్తవారికి తరచుగా దొరికే పని రోటో. అంటే తెర మీది నటుడి చుట్టూ అంచును ఫ్రేము ఫ్రేముకూ గీసి, వెనుక ఉన్న దృశ్యం నుంచి అతడిని వేరు చేయడం. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. నాయిక జుట్టు గాలికి ఎగిరే ఐదు సెకన్ల షాట్‌లో 120 ఫ్రేములుంటాయి, ప్రతి ఫ్రేములోనూ ఆ జుట్టు అంచు సరిచూడాలి. అది ఓర్పు, నైపుణ్యం కావలసిన పని, దానిని చిన్నచూపు చూడవలసిన అవసరం లేదు. కానీ కథలు రాస్తానని వచ్చిన కుర్రవాడికి అక్కడ కథ గురించి అడిగే మనిషి ఉండడు. పైగా ఆ రంగం ఇప్పుడు నిలకడగానూ లేదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసివేస్తున్నట్టు ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో సినిమాలకు వీఎఫ్ఎక్స్ చేసే టెక్నికలర్ సంస్థ కుప్పకూలినప్పుడు మన దేశంలోని స్టూడియోలలోనూ వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. బ్రోషర్లలో ఇవి ఉండవు. (2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం నిషేధించింది కదా, ఇక గేమింగ్ చదువెందుకని అడిగేవారూ ఉన్నారు. రమ్మీ యాప్‌కు, కథ చెప్పే గేమ్‌కు సంబంధం లేదు. ఆ భయం ఒక్కటి మానుకోవచ్చు.)

అడ్వాన్సు సంగతి పక్కన పెట్టి, ఈ సెలవుల్లో మీ అబ్బాయికి ఒక పని అప్పగించండి. గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’ కథను తీసుకోమనండి. సానివారి పాటకు వెళ్లి అర్ధరాత్రి ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనబడదు, పుట్టింటికి వెళ్లిపోతున్నానని ఉత్తరం కనబడుతుంది. అతడు కుమిలిపోతుండగా, చివరికి మంచం కింద నుంచి ఆమె నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. దీనిని ఎనిమిది పేజీల కామిక్‌గా గీయమనండి. కథలో చదువరికి గది కనబడదు కనుక రహస్యం దాగింది. కామిక్‌లో గది గీయాలి, మంచమూ గీయాలి. పైగా బొమ్మకు చప్పుడు ఉండదు. మరి నవ్వు ఎలా వినిపిస్తాడు? ఆ తరువాత దానినే ట్వైన్ అనే ఉచిత సాధనంతో చిన్న గేమ్‌గా చేయమనండి. అక్కడ ఇంకా పెద్ద చిక్కు వస్తుంది. గదంతా వెతికే స్వేచ్ఛ ఇస్తే, ఆడేవాడు మొదటి నిమిషంలోనే మంచం కింద చూస్తాడు, గోపాలరావు పశ్చాత్తాపపడే లోపలే కథ అయిపోతుంది. వెతకనివ్వకపోతే అది గేమ్ కాదు. ఆడేవాడిని గోపాలరావుగా కాక కమలినిగా ఉంచితే? లేదా ఇద్దరి మధ్య నలిగిన నౌకరు రాముడిగా ఉంచితే? ఈ ప్రశ్నలతో మీ అబ్బాయి అన్నం మరిచిపోతే అతడికి ఈ పని నిజంగా కావాలన్నమాట. నాలుగో రోజుకు విసుగుపుట్టి తిరిగి ఫోన్‌లో ఆటలోకి వెళ్లిపోతే, అతడికి ఇష్టమైనది గేములు ఆడటం అన్నమాట. అదేమీ తప్పు కాదు, కానీ దానికి 12 లక్షలు అక్కర్లేదు.

గురజాడనే ఎందుకు ఎంచుకున్నానంటే, ఆయన 1915లో కన్నుమూశారు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లు హక్కులు వారసులకుంటాయి, గురజాడ విషయంలో ఆ గడువు ఎప్పుడో తీరింది. కథను బొమ్మల రూపంలోకి మార్చడాన్ని కూడా 1957 నాటి కాపీరైట్ చట్టం అనుసరణ కిందనే లెక్కిస్తుంది. ఇష్టమైన నవలను అనుమతి లేకుండా గీసి అమ్మకూడదని అతడు ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

ఇక మీరు అడిగిన పోలిక. లెక్కలంటే అసహ్యం లేకపోతే సీఎస్‌ఈ చదవడం వల్ల నష్టం లేదు. గేములు తయారుచేసే సంస్థల్లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో, రాక్‌స్టార్‌కు బెంగళూరులో కార్యాలయాలున్నాయి, వాటికి ప్రోగ్రామర్లు కావాలి. పైగా పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్క్రీన్‌ప్లే రచన కోర్సుకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది కనుక కథల తలుపు మూసుకుపోదు. గీతే ప్రాణమైతే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో బీఎఫ్ఏ యానిమేషన్ ఉంది, ప్రైవేటు కోర్సు కంటే ముందు దానిని చూడండి. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ కూడా ఉంది కానీ, దాని ప్రవేశ పరీక్ష ఈ ఏడాదికి అయిపోయింది. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న ఎంసెట్ గురించి నేను మీకు చెప్పవలసిన పని లేదు. వీటిలో ఏది చదివినా అతడు ఎటూ కాకుండా పోడు. మార్కులు తెచ్చుకోగలిగిన పిల్లవాడు, తనకేం కావాలో పదిహేడేళ్లకే నోరు తెరిచి చెప్పగలిగిన పిల్లవాడు ఎటూ కాకుండా పోవడం నేను చూడలేదు. ఇంట్లో ఎవరూ వినడం లేదని చెప్పడం మానేసిన పిల్లలను మాత్రం చూశాను, మీవారితో ఈ సంగతి మీరే మాట్లాడాలి.

ఇంత చెప్పినా ఆ యూనివర్సిటీయే కావాలని మీ అబ్బాయి పట్టుబడితే, అక్కడికి అతడిని వెంటబెట్టుకుని వెళ్లండి. ప్లేస్‌మెంట్ల కాగితం అడగవద్దు. కిందటి బ్యాచ్ విద్యార్థులు సొంతంగా పూర్తి చేసిన ఒక గేమ్‌ను తెర మీద పెట్టమని, అతడిని అక్కడే కూర్చోబెట్టి ఆడనివ్వమని అడగండి. మొదటి ఏడాదిలో ఒక్కొక్కరి చేత ఎన్ని కథలు పూర్తిగా రాయిస్తారో, వాటిని దిద్దేది ఎవరో అడగండి. చూపించలేకపోతే, సీట్లు అయిపోతున్నాయని ఎంత తొందరపెట్టినా లేచి వచ్చేయండి. ఈ కోర్సులలో సీట్లు ఆగస్టులో కూడా దొరుకుతాయి.