మీకు రానిది మాట్లాడటం కాదు

ప్రశ్న: నా వయసు 36. ఆఫీసులో పనిమంతురాలిననే పేరుంది కానీ మీటింగులో మాత్రం నోరు పెగలదు. చెప్పాలనుకున్నది నోట్‌బుక్కులో రాసుకుని, పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంటాను. ఈలోగా అదే మాట పక్కవాళ్లు చెప్పేస్తారు, అందరూ బాగుందంటారు. తొమ్మిదో తరగతిలో స్టేజీ ఎక్కి సగంలో మర్చిపోతే అంతా నవ్వారు. కిందికి దిగాక టీచరు ‘నువ్వు రాయడానికే పనికొస్తావమ్మా, మాట్లాడటానికి కాదు’ అన్నారు. అప్పట్నుంచీ ఇంతే. టీమ్ లీడర్ పోస్టు ఇస్తామంటే రెండుసార్లు వద్దన్నాను. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేది మాత్రం నేనే. అసలు నేనేంటో నాకు తెలిసేదెలా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: కొత్తవాళ్లకు పని నేర్పేది నేనే అని ఉత్తరం చివర్లో ఏదో చిన్న విషయంలా రాసేశారు. నోరు విప్పకుండానే నేర్పుతున్నారా? గంటల తరబడి వివరిస్తారు, వాళ్లు తెలివితక్కువ ప్రశ్న వేసినా విసుక్కోకుండా మళ్లీ చెబుతారు, అవునా కాదా? కాబట్టి మీకు మాట్లాడటం రాదన్నది అబద్ధం. పదిమంది చూస్తుండగా మొదటి వాక్యం బయటికి రావడం లేదు, అంతే. ఆ ఒక్క వాక్యం సమస్యకు మీరు ఇరవై ఏళ్లకు పైగా చాలా పెద్ద పేరు పెట్టి మోస్తున్నారు.

‘నేనేంటి’ అని కూర్చుని ఆలోచిస్తే తెలిసేది తక్కువ, నా మటుకు నేను ఆ పద్ధతిని పెద్దగా నమ్మను. ఎందుకంటే లోపలికి చూస్తే మీకు వినిపించేది ఆ టీచరు మాటే. 1960ల చివర్లో సెలిగ్‌మన్, మేయర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు కుక్కల మీద ప్రయోగాలు చేశారు (ఇప్పుడైతే ఎవరూ ఒప్పుకోరు, అంత క్రూరమైనవి). తప్పించుకోలేని కరెంటు షాకులు తిన్న కుక్కల్ని తర్వాత చిన్న అడ్డుగోడ ఉన్న పెట్టెలో వదిలి మళ్లీ షాకిస్తే, ఒక్క గెంతు గెంతితే బయటపడే వీలున్నా చాలా కుక్కలు అక్కడే పడుకుండిపోయాయి. నిస్సహాయతను నేర్చుకున్నాయి అన్నారు వాళ్లు. ఆ మాట బాగా పేరుకెక్కింది. అయితే 2016లో వాళ్లిద్దరే మళ్లీ కలిసి, మేం తిరగేసి చెప్పాం అని ఒప్పుకున్నారు. కష్టం ఎంతకీ వదలనప్పుడు ముడుచుకుపోవడం మెదడుకు సహజంగా వచ్చేదే, నేర్చుకోవాల్సింది ‘ఇది నా చేతుల్లో ఉంది’ అన్న సంగతట. ఆ కుక్కలు కూడా పట్టుకుని గోడ అవతలికి లాగితేనే నేర్చుకున్నాయి, అదీ ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ లాగితే.

మిమ్మల్ని ఎవరూ లాగరు కాబట్టి మీరే చేయండి. వచ్చే మీటింగుకు ముందు ఆ నోట్‌బుక్కులోనే, నేను మాట్లాడితే ఏమవుతుందని భయమో దాచకుండా రాయండి: గొంతు వణుకుతుంది, ఫలానా ఆయన నవ్వుతాడు, ఇలా. తర్వాత మొదటి పది నిమిషాల్లోపు ఒక్క ప్రశ్న అడగండి. అభిప్రాయం కూడా అక్కర్లేదు, ‘ఇది ఎప్పటికి కావాలి?’ అన్నా చాలు. పాయింటంతా బట్టీ పట్టకండి, మధ్యలో ఒక ముక్క జారితే మళ్లీ తొమ్మిదో తరగతే. బయటికొచ్చాక, రాసుకున్నదాని పక్కన నిజంగా ఏం జరిగిందో రాయండి. గొంతు వణికితే వణికిందనే రాయండి. నాలుగైదు మీటింగులయ్యాక ఆ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చదివితే మీ గురించి నా జవాబు కంటే ఎక్కువే తెలుస్తుంది.

అందరూ చూస్తున్నారనుకోవడం గురించి కూడా ఒకటి చెప్పాలి. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో, విద్యార్థులకు చూస్తేనే సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి తోటి విద్యార్థులున్న గదిలోకి పంపారు. సగం మంది గమనించి ఉంటారు అనుకున్నారు వాళ్లు. నిజానికి గమనించింది పావు వంతు మంది.

ఇంత చేశాక కూడా టీమ్ లీడర్ పని ఇష్టం లేదనిపిస్తే నిక్షేపంగా మానేయండి. ఇష్టం లేక వద్దనడం వేరు, భయపడి వద్దనడం వేరు, మీరు రెండుసార్లూ ఎందుకు వద్దన్నారో మీకు తెలుసు. మీటింగు అనగానే గుండెదడ, ఊపిరాడకపోవడం దాకా వెళ్తుంటే మాత్రం సైకాలజిస్టును కలవండి, దీనికి మంచి చికిత్సలున్నాయి.

ప్రశ్న: నాకు 58. ఈత నేర్చుకోవాలని చిన్నప్పటి నుంచీ కోరిక. మోకాళ్ల నొప్పులున్నాయి, చూసినవాళ్లు నవ్వుతారేమోనని కూడా ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: నవ్వుల సంగతికి పైన టీషర్టు కథ చదవండి. మోకాళ్ల నొప్పి మాత్రం నిజమైన ఇబ్బందే, దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. నీళ్లలో ఒంటి బరువు మోకాళ్ల మీద పెద్దగా పడదు గనక చాలామందికి ఈత హాయిగానే ఉంటుంది, కాకపోతే బ్రెస్ట్ స్ట్రోక్‌లో కాళ్లు విప్పి తన్నే తీరు మోకాళ్లను ఇబ్బంది పెడుతుంది. డాక్టరును ఒకమాట అడిగి, ముందు ఫ్రీస్టైల్ నేర్పమని కోచ్‌కి మొదటిరోజే చెప్పండి.