ఎండ మండుతున్నా సోలార్ హీటర్ నీళ్లు గోరువెచ్చగానే వస్తుంటే

గుంటూరు ఎండలో కూడా డాబా మీది గాజు గొట్టాల హీటర్ సరిగా పనిచేయడం లేదు, తీసేసి రాగి ప్లేటు రకం (గాజు మూత కింద రాగి రేకు, దానికి అతికించిన సన్నని రాగి గొట్టాలు ఉండేది) పెట్టించుకోవాలా అని అడిగారు. తొందరపడకండి. మాదీ గుంటూరే, మా ఇంట్లోనూ గాజు గొట్టాలదే. 100 లీటర్ల నీటిని 30 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు 3.5 యూనిట్ల శక్తి చాలు. మన ఎండకు అదొక లెక్క కాదు. పట్టిన వేడి ఎక్కడో జారిపోతోంది, లేదా నీటిదాకా చేరడం లేదు.

ఒక్కో గొట్టంలో నిజానికి రెండు గాజు గొట్టాలుంటాయి, ఒకదానిలో ఒకటి. లోపలిదాని మీద ఉన్న నల్లపూత మామూలు రంగు కాదు. ఎండను దాదాపుగా అంతా పీల్చుకుంటుంది, తాను వేడెక్కాక పరారుణ కిరణాలుగా వదిలేది మాత్రం చాలా తక్కువ. రెండు గాజుల నడుమ శూన్యం ఉండటంతో వేడిని మోసుకుపోయేందుకు అక్కడ గాలే ఉండదు. ఆ వేడి లోపలి నీటికి అందుతుంది. వేడెక్కిన నీరు తేలికై ట్యాంకులోకి ఎక్కుతుంది, చల్లనిది కిందికి దిగుతుంది. పంపుతో పని లేదు. ఎంత చక్కని ఏర్పాటో!

గొట్టం కింది తొడుగు తీసి చూడండి. కొసన అద్దంలా మెరిసే వెండిరంగు పూత కనిపించాలి. అది బేరియం అనే లోహం, లోపల మిగిలిన వాయువులను పట్టేస్తుంది. శూన్యం పోతే పాలలా తెల్లబడుతుంది. మాకు అలా తెల్లబడిన గొట్టాన్ని మధ్యాహ్నం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, పక్కనున్న మంచి గొట్టం అదే ఎండలో చల్లగా ఉంది. అలాంటివి ఒకటి రెండుంటే వాటినే మార్పించండి.

అన్నీ మెరుస్తుంటే అనుమానించాల్సింది గారనే. బోరు నీళ్లలోని సున్నపు లవణాలు వేడికి గార కడతాయి, ఆ పొర వేడిని నీటికి సులువుగా అందనివ్వదు. గాజు గొట్టాన్నయితే విప్పి కడగవచ్చు. ప్లేటు రకంలో సన్నని రాగి గొట్టాలు పూడుకుపోయి నీటి ప్రవాహమే ఆగుతుంది. అందుకే బోరు నీళ్లున్న ఇంటికి నేను ప్లేటు రకం చెప్పను. కృష్ణా నీళ్లు వచ్చే ఇంటికైతే అదే మేలు, దాని గట్టి గాజు అంత సులువుగా పగలదు.

కడిగాక మధ్యాహ్నం మాత్రం నీళ్లు నింపకండి. ఖాళీ గొట్టం ఎండలో 200 డిగ్రీల దాకా వేడెక్కగలదు, చన్నీళ్లు తగిలితే పగులుతుంది. తెల్లవారుజామున గాజు చల్లగా ఉన్నప్పుడే ట్యాంకు నింపండి.