తమ్ముడి జ్వరం సంగతి ముందు చూడండి

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. రెండేళ్లుగా హెరాయిన్ ఇంజెక్షన్లు చేసుకుంటున్నాడు. డీ-అడిక్షన్ సెంటర్‌లో మూడు వారాలు ఉండి వచ్చి, మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు చికిత్స కేంద్రం వాళ్లు ఒక కేస్ మేనేజర్‌ను ఇస్తామంటున్నారు. ఆయన ఏం చేస్తారు? విషయం బయటికి పొక్కుతుందేమోనని అమ్మకు టెన్షన్. గదిలో ఉంచి మేమే మాన్పించలేమా? రాత్రిళ్లు గొడవ చేస్తుంటే నాకు రాసిచ్చిన అల్‌ప్రజోలం ఇస్తున్నాను. వారంగా జ్వరం వచ్చి పోతోంది, యాంటీబయాటిక్ వేస్తున్నాం.
- ఒక అక్క

జవాబు: మీరు చివర్లో రాసిన మాట దగ్గరే నేను ఆగిపోయాను. సూదితో మత్తుమందు తీసుకునే మనిషికి వారం రోజులు జ్వరం ఉంటే, కాదని తేలేదాకా రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో అనే చూస్తాం. చర్మం మీది బ్యాక్టీరియా సూదితోపాటు లోపలికి వెళ్లి గుండె కవాటాలను పట్టుకోవచ్చు. మామూలు వైరల్ జ్వరమే అయినా కావచ్చు. మనిషిని చూడకుండా నేను చెప్పలేను. ఈరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములు పెరుగుతున్నాయేమో చూసే పరీక్ష), అవసరమైతే గుండెకు ఎకో (స్కాన్) చేస్తారు. సూదుల సంగతి దాచారంటే ఆ డాక్టర్‌కు ఈ పరీక్షల ఆలోచనే రాకపోవచ్చు. ఆయాసం, ఛాతీ నొప్పి, మాట తడబడటం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే.

ఆ యాంటీబయాటిక్ ఎవరు రాశారో మీరు చెప్పలేదు. ఎవరూ రాయలేదనే నా అనుమానం. ఇలాంటి సొంత వైద్యం వల్ల జరిగే నష్టం చూసీ చూసీ చెబుతున్నాను. కల్చర్ తీయకముందే నాలుగు మాత్రలు పడితే జ్వరం తగ్గినట్టుంటుంది, పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు, లోపల కవాటం మాత్రం పాడవుతూనే ఉంటుంది. ఆ స్ట్రిప్ కూడా వెంట తీసుకెళ్లండి.

ఆందోళన తగ్గించి నిద్రమత్తు తెచ్చే ఆ అల్‌ప్రజోలం ఇంకా ప్రమాదం. హెరాయిన్ ఊపిరిని మందగింపజేస్తుంది, ఈ మాత్రా అంతే. రెండూ కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. తమ్ముడి మీద ప్రేమతోనే ఇచ్చారని తెలుసు. కానీ అమ్మా, మీకు రాసిన మందు మీకే. వారాల తరబడి ఇస్తూ ఉంటే హఠాత్తుగా ఆపినా ఫిట్స్ రావచ్చు, అందుకే ఎన్ని రోజులు ఇచ్చారో డాక్టర్‌కు చెప్పి, ఎలా ఆపాలో అడగండి.

గదిలో పెట్టి మాన్పించే ఆలోచన వదిలేయండి. కొన్నాళ్లు ఆపాక ఒళ్లు పాత మోతాదును తట్టుకోలేదు. డీ-అడిక్షన్ సెంటర్ నుంచి, జైలు నుంచి బయటికి వచ్చిన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్ ముప్పు బాగా ఎక్కువ. మీ తమ్ముడు ఆ గండం ఒకసారి దాటాడు. హెరాయిన్‌కు బదులుగా డాక్టర్లు ఇచ్చే మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ అనే మందులు 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. పర్యవేక్షణలో వాడితే మరణాలు తగ్గుతాయి. నాలోక్సోన్ ఇంట్లో ఉంచుకోవడం గురించి కూడా అడగండి. ఓవర్‌డోస్‌లో అది నిమిషాల్లో ఊపిరి తెప్పిస్తుంది, కానీ 30 నుంచి 90 నిమిషాల్లో దాని పని అయిపోతుంది. కాబట్టి అది ఇచ్చినా అంబులెన్స్‌ను పిలవాల్సిందే.

ఇక కేస్ మేనేజర్. ఆయన పోలీసు కాదు, నిఘా పెట్టే మనిషీ కాదు. రక్తపరీక్ష ఒకచోట, రిపోర్టు మరోచోట, మందు ఇంకోచోట ఉంటే, విత్‌డ్రాయల్‌తో (మత్తు ఆగినప్పుడు వచ్చే బాధలతో) వణికే మనిషి మధ్యలోనే జారిపోతాడు. అలా జారిపోకుండా వెంట ఉండటమే ఆయన పని. హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు, హెపటైటిస్ బి టీకా, శుభ్రమైన సూదులు, గుర్తింపు కాగితాలు, ఉండటానికి చోటు, అన్నీ ఆయన చూస్తారు. హెపటైటిస్ సి ఇప్పుడు సాధారణంగా 8 నుంచి 12 వారాల మాత్రలతో 95 శాతానికి పైగా మందిలో నయమవుతుంది. వదలకుండా వేసుకోవాలి, అంతే. కొత్తగా హెచ్‌ఐవీ బయటపడినవారిపై అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2005లో వచ్చింది. కేస్ మేనేజర్ కొన్నిసార్లు కలిసినవారిలో 78 శాతం ఆరు నెలల్లో డాక్టర్ దగ్గరికి వెళ్లారు. వివరాలిచ్చి పంపేసినవారిలో 60 శాతమే వెళ్లారు. అయితే ఆయన వచ్చినంత మాత్రాన తమ్ముడు మత్తు మానేస్తాడని నేను చెప్పను. చికిత్సకు చేర్చడంలో ఉన్నంత గట్టి ఆధారాలు మాన్పించడంలో లేవు.

గోప్యత గురించి మొదటి రోజే అడగండి: ఏ వివరం ఎవరికి చెబుతారు, ఎవరి అనుమతితో చెబుతారు అని. తమ్ముడు మేజర్, ఒప్పుకోవాల్సింది అతను. అతను చెప్పిన ప్రతి మాటా కేస్ మేనేజర్ మీకు చెప్పరు, దానికి నొచ్చుకోవద్దు.

ఆస్పత్రిలో చేర్చుకుంటే ఆ కేంద్రానికి, తమ్ముడితో చెప్పే, వెంటనే ఫోన్ చేయండి. కవాటాలకు ఇన్‌ఫెక్షన్ ఉంటే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల చికిత్స ఉంటుంది. విత్‌డ్రాయల్ తట్టుకోలేక మధ్యలోనే మంచం దిగి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. వార్డు డాక్టర్‌తో మాట్లాడి ఆ బాధకు మందు మొదటి రోజు నుంచే అందేలా చూడమని కేస్ మేనేజర్‌ను అడగండి.