వృద్ధుల సేవలో చేరుతున్న సరళకు

చి. ల. సౌ. సరళకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు రోగులకు దగ్గరుండి సేవచేసే జనరల్ డ్యూటీ అసిస్టెంట్ శిక్షణ ముగించి, హైదరాబాదులో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేరబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో నా తరువాత ఈ పనిలోకి వస్తున్నది నువ్వేనని ఎంత గర్వపడ్డానో, ఫోను పెట్టేసిన తరువాత అంత గుబులూ పట్టుకుంది. నీకు మనిషిని తాకకుండా మాట్లాడడం చేతకాదు. అమ్మమ్మ మంచాన పడ్డ రోజుల్లో ఆవిడ ముక్కు తుడిచిన చేత్తోనే తాతయ్యకు బిస్కెట్టు తినిపించిన పిల్లవు నువ్వు. ఆ ఆప్యాయతను వదులుకోమని నేను చెప్పను గానీ, మధ్యలో చేతులు కడుక్కోమని మాత్రం గట్టిగా చెబుతాను.

ఆసుపత్రిలో రోగి నాలుగు రోజులుండి ఇంటికి వెళ్లిపోతాడు. నువ్వు వెళ్లేచోట వాళ్లు ఏళ్ల తరబడి ఒకే హాలులో టీవీ చూస్తూ, ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ, ఒకరి చేతికర్ర ఒకరు అందిస్తూ బతుకుతారు. అది వాళ్ల ఇల్లు కాబట్టి అక్కడ అందరికీ జాగ్రత్త సడలుతుంది. ఒకరికి విరేచనాలు పట్టుకుంటే వారం తిరిగేసరికి వరసంతా పడకెక్కేది అందుకే.

చేతులు ఎప్పుడు శుభ్రం చేసుకోవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు సందర్భాలుగా చెప్పింది: మనిషిని తాకబోయే ముందు, శుభ్రంగా చేయవలసిన పనికి ముందు, మలమూత్రాలో రక్తమో తగిలే పని తరువాత, మనిషిని తాకిన తరువాత, ఆ మనిషి చుట్టూ ఉన్న వస్తువులను తాకిన తరువాత. మొదటి నాలుగూ శిక్షణలో బట్టీపట్టే ఉంటావు. అందరూ మరిచిపోయేది అయిదవది. మంచం కమ్మీ, వీల్‌చైరు పిడి, పిలుపు గంట మీట, టీవీ రిమోటు కూడా ఆ మనిషి చేతులతో సమానమే. శానిటైజరు అయితే ఇరవై ముప్పై సెకన్లు, సబ్బూ నీళ్లూ అయితే దాదాపు నిమిషం పట్టాలి. ఎవరికైనా నీళ్ల విరేచనాలు అవుతుంటే శానిటైజరును నమ్ముకోకు, సబ్బుతోనే కడుక్కో. ఆ జబ్బులు తెచ్చే క్రిముల్లో కొన్ని ఆల్కహాలుకు లొంగవు. మట్టి గాజులు, ఉంగరం, వాచీ డ్యూటీకి ముందే తీసెయ్యి. బోసి చేతులని మీ అమ్మ గొణిగితే నా పేరు చెప్పు.

చేతొడుగుల విషయంలో నాకు మొదటినుంచీ అనుమానమే. డైపరు మార్చిన చేతొడుగుతోనే దుప్పటి సర్ది, ఫ్యాను స్విచ్చి వేసి, మంచినీళ్ల గ్లాసు అందించిన పిల్లలను ఎందరినో చూశాను. చేతొడుగు వాళ్ల చేతిని కాపాడింది, పక్కవాళ్లను కాదు. ఒక మనిషికి ఒక జత, ఒకే మనిషికి కూడా మురికి పని కాగానే ఆ జత తీసెయ్యాలి, తీశాక చేతులు కడగాలి.

ఇప్పుడు గజ్జి గురించి కాస్త వివరంగా రాస్తాను. రిటైరయ్యాక నేను కొంతకాలం పనిచేసిన ఒక వృద్ధాశ్రమంలో ఒక మాస్టారు ఉండేవారు. ఆయన మోచేతుల మీద, అరచేతుల్లో చర్మం మందంగా పెచ్చులు కట్టి రాలేది. పెద్దగా దురద లేదు కాబట్టి ఎండు చర్మమేనని కొబ్బరినూనె రాశారు, తరువాత ఎవరో మందుల షాపు నుంచి స్టెరాయిడ్ కలిసిన క్రీము తెచ్చి రాశారు. అది జబ్బును తగ్గించకుండా, పైకి కనబడకుండా కప్పేసింది. మామూలు గజ్జిలో ఒంటి మీద పది పదిహేను పురుగులుంటే, ఈ పెచ్చుల గజ్జిలో వేలకు వేలుంటాయి, నీరసించిన వృద్ధుల్లో దురద ఉండకనూ పోవచ్చు. ఈ సంగతి అక్కడ ఎవరికీ తట్టలేదు. రోజూ పొద్దున్నే ఆయన దుప్పటిని వరండాలో దులిపేవారు.

కొత్తగా అంటుకున్నవారికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి, ఆయాలు రాత్రిళ్లు వేళ్ల సందులు గోక్కోవడం మొదలుపెట్టే నాటికే అది వాళ్ల ఇళ్లలో పిల్లల దాకా పాకిపోయింది. అప్పుడైనా, మందు దండగని, గోక్కుంటున్నవాళ్లకు మాత్రమే రాయించారు. తగ్గినట్టే తగ్గి, నెల తిరక్కుండానే తిరగబెట్టింది. చివరికి చర్మవైద్యుడు వచ్చి, దురద ఉన్నా లేకపోయినా వృద్ధులకు, సిబ్బందికి, సిబ్బంది ఇళ్లలో వారికి ఒకే రోజు అయిదు శాతం పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా పట్టించమన్నారు. దాన్ని రాత్రంతా ఉంచి పొద్దున కడిగించి, వారం తరువాత మళ్లీ అంతా చేయించారు. మాస్టారికి మాత్రం మందు తల మీద కూడా రాసి, మాత్రలూ ఇచ్చారు. బట్టలూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉతికించి, ఉతకలేనివి ప్లాస్టిక్ సంచుల్లో మూతికట్టి కొన్ని రోజులు పక్కన పెట్టించారు. అలా చేశాకే పోయింది.

దీనికన్నా నన్ను ఎక్కువగా బాధించిన సంగతి మరొకటి ఉంది. మాస్టారిని వెనక గదికి మార్చినప్పుడు, ఎందుకు మారుస్తున్నారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. అవసరం లేకపోయినా కంచం, గ్లాసు కూడా వేరు చేశారు. ఆయన అన్నం మానేసి, ఒకరోజు నన్ను పిలిచి, "నాకు కుష్ఠు వచ్చిందా అమ్మా?" అని అడిగారు. మైల, అంటు అన్న మాటల మధ్య పెరిగిన తరం అది. ఎవరినైనా విడిగా ఉంచవలసి వస్తే, కారణమేమిటో, ఎన్నాళ్లో ముందే చెప్పు. రక్షణ దుస్తులు వేసుకునైనా సరే, రోజూ లోపలికి వెళ్లి కాసేపు కూర్చుని మాట్లాడు.

యూరిన్ బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందికే ఉండాలి, నేలను మాత్రం తాకకూడదు. వీల్‌చైరులోకి మార్చేటప్పుడు దాన్ని ఒళ్లో పెట్టేసే అలవాటు చాలామందికి ఉంది, దానితో మూత్రం వెనక్కి మళ్లుతుంది. ఒకరి బ్యాగు ఖాళీ చేసిన మగ్గు ఇంకొకరికి వాడకూడదు. తినిపించేటప్పుడు తలవైపు ఎత్తి కూర్చోబెట్టు, రాత్రి పళ్లసెట్టు తీసి కడిగి, నోరు శుభ్రం చెయ్యి. నోటి మురికి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది.

వృద్ధులకు ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఒక్కోసారి జ్వరం రాదు. నిన్నటిదాకా నిన్ను పేరుపెట్టి పిలిచినావిడ ఈరోజు పొంతన లేకుండా మాట్లాడినా, ఇష్టమైన పెరుగన్నం వద్దన్నా, నడిచే మనిషి తూలినా, వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకోకుండా వెంటనే నర్సుకు చెప్పి రిజిస్టరులో రాయించు. రెండు వారాలు దాటిన దగ్గు కనిపిస్తే, క్షయ ఏమో తేలడానికి కళ్లె పరీక్ష చేయించమని అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ.

ఇక నీ ఒంటి సంగతి. వాడిన సూదికి మూత తిరిగి పెట్టకు. జలుబో విరేచనాలో ఉన్న రోజున డ్యూటీకి వెళ్లకు. మనుషులు చాలడం లేదు, ఎలాగైనా రమ్మని బతిమాలతారు, నీకు మొహమాటం జాస్తి. ఆ రోజు నువ్వు రాకపోతే వాళ్లు ఇబ్బంది పడతారు, వస్తే అందరూ జబ్బు పడతారు అని నా మాటగా చెప్పు. ఫ్లూ టీకా ఏటా వేయించుకో. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, మొదటిది వేసిన నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. మొదటిది చేరేలోపే పడాలి కాబట్టి ఈ వారమే మీ నాన్నతో వెళ్లి వేయించుకుని, కార్డు ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ