గెడ్డ పక్కన వెంచర్: పంచాయతీ తీర్మానంతో ఆగుతుందా?

శ్రీకాకుళం దగ్గర మీ ఊరి చెరువు కింద ఐదెకరాల్లో వెంచర్ (ఇళ్ల ప్లాట్ల లేఅవుట్) వేస్తున్నారని, మధ్యలోంచి గెడ్డ, అంటే వాగు, పోతుందని, గ్రామసభలో తీర్మానం చేస్తే ఆగుతుందా అని అడిగారు.

తీర్మానం ఒక్కదానితో ఆగదు. సుడా, అంటే శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ, పరిధిలోని ఊరైతే లేఅవుట్ ప్లాన్ చూసి అనుమతిచ్చేది సుడా. విజయనగరం వైపైతే ఊరిని బట్టి వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) గానీ బొబ్బిలి పట్టణాభివృద్ధి అథారిటీ గానీ. వందమంది సంతకాలతో "మా ఊరికి వెంచర్ వద్దు" అని ఇస్తే ఫైల్లో ఒక కాగితం పెరుగుతుంది, అంతే. "ఫలానా సర్వే నంబరులో గెడ్డ పోరంబోకుని (ప్రభుత్వ భూమిని) ప్లాట్లలో కలిపి చూపించారు, కొలతలు ఇవీ" అని ఒక పేజీ ఇవ్వండి, సర్వేయర్ని పంపి కొలిపించమని గట్టిగా అడగొచ్చు. తీర్మానం చేసినా అందులో ఈ మాటలే రాయించండి.

లేఅవుట్‌కి జనాన్ని పిలిచి అభ్యంతరాలు అడిగే దశ మామూలుగా ఉండదు. భూ వినియోగ మార్పు కావలసిన భూమైతేనే ప్రకటన వేసి 15 రోజుల గడువిస్తారు. అందుకని మీరే కాగితాలు తెప్పించుకోవాలి. సమాచార హక్కు కింద ప్రతిపాదిత లేఅవుట్ ప్లాన్, నీటిపారుదల శాఖ ఇచ్చిన ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), తహసీల్దారు నివేదిక, ఈ మూడింటి నకళ్ళు అడగండి. దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. జవాబు గడువు 30 రోజులు.

అవి వచ్చేలోగా సచివాలయం సర్వేయర్ దగ్గర ఆ సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీ స్కెచ్ (పొలం కొలతల పటం), గ్రామ పటం చూడండి. మనవైపు జమీందారీ ఎస్టేట్ గ్రామాలు ఎక్కువ. వాటికి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఎస్‌ఎఫ్‌ఏ) అనే పాత భూమి రికార్డు తప్పనిసరిగా చూడాలి. ఇప్పటి అడంగల్‌లో జిరాయితీ (ప్రైవేటు పట్టా భూమి) అని ఉన్న ముక్క అందులో గెడ్డ అనో రస్తా అనో ఉండొచ్చు. తేడా కనబడితే ఆ పేజీ ధృవీకరించిన నకలు తీసుకోండి. మిగతా వాదనంతా దాని మీదే నిలబడుతుంది.

ఇక గెడ్డ సంగతి. 2017 నాటి రాష్ట్ర భవన నిబంధనల్లో 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగుకి హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల లోపు కాలువకి 2 మీటర్లు వదలాలని ఉంది. చెరువు 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు పైబడితే పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, తక్కువైతే 9 మీటర్లు. కొలవాల్సింది రికార్డులోని హద్దు నుంచి. వేసవిలో నీరున్న అంచు దగ్గర టేపు పెడితే సగం గెడ్డ వెంచర్లోకి వెళ్ళిపోతుంది.

చాలామంది చూడనిది తూము, అంటే గెడ్డ నీరు కింద నుంచి పోయేందుకు పెట్టే గొట్టం. ప్లాన్లో గెడ్డని నీలం గీతతో చక్కగా చూపిస్తారు. స్థలం మీద మాత్రం 600 మిల్లీమీటర్ల సిమెంటు గొట్టం వేసి పైన గ్రావెల్ పోస్తారు. లెక్క చూడండి: రెండు మీటర్ల వెడల్పు, మీటరు లోతు ఉన్న గెడ్డ అడ్డుకోత (నీరు పారే అడ్డ వైశాల్యం) 2 చదరపు మీటర్లు. ఆ గొట్టం అడ్డుకోత 0.28. ఏడో వంతు! పైగా వెంచర్ని మూడడుగులు ఎత్తు చేస్తే ఎగువ వరి చేలల్లో నీరు దిగే దారి ఉండదు. తిత్లీ తుఫాను నాడు నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఊళ్ళో పెద్దవాళ్ళనడిగి, ఆ గుర్తుకీ వెంచర్ మట్టానికీ ఎంత తేడా ఉందో అభ్యంతరంలో రాయండి.

లేఅవుట్‌లో అందరి కోసం వదలాల్సిన ఓపెన్ స్థలం పది శాతం. ఐదెకరాలు 24,200 గజాలు, అందులో 2,420 గజాలు, అంటే 50 సెంట్లు. ఎంత వదిలారన్నదే కాదు, ఎక్కడ వదిలారో చూడండి. గెడ్డ గర్భంలోనో కరెంటు హైటెన్షన్ తీగల కిందో చూపిస్తే పిల్లలు ఆడుకునే చోటు కాగితం మీదే మిగులుతుంది.

అభ్యంతరం తాత్కాలిక అనుమతికి ముందే చేరాలి. ఆ అనుమతి వచ్చాక రోడ్లు, కాలువలు వేస్తారు. అవి పూర్తిచేస్తారన్న పూచీకి ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం అథారిటీ పేర తనఖా ఉంటుంది. రోడ్లు, ఓపెన్ స్థలం పంచాయతీకి గిఫ్ట్ డీడ్ చేశాకే తుది లేఅవుట్. ముందు దశ చేజారినా తనఖా విడిపించే లోపు తూము, కాలువ కొలతలు పట్టుకోవచ్చు. అదే చివరి గట్టి పట్టు.

500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు లేకుండా ప్లాట్లు అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. నంబరు లేని కరపత్రం దొరికితే దాచండి, రెరాకి ఫిర్యాదు వేయడానికి అదే ఆధారం.

అభ్యంతరం సుడాకి, నకలు పంచాయతీ కార్యదర్శికి, తహసీల్దారుకి, నీటిపారుదల శాఖ ఏఈకి ఇచ్చి, ప్రతిచోటా తేదీ ముద్ర వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో ఇస్తే రశీదు నంబరు వస్తుంది. గెడ్డ ఫొటోలు వానలు పడుతుండగా తీయండి, ప్రతిసారీ అదే తాటిచెట్టో కరెంటు స్తంభమో ఫ్రేములో ఉండేలా.