కిటికీల చివరి వాయిదా కట్టే ముందు

చిరంజీవి సుజాతకు మామయ్య ఆశీస్సులు.

అలిపిరి వైపు కొన్న ఫ్లాటుకు కిటికీలు బిగించారని, మిగిలిన డబ్బు అడుగుతున్నారని రాశావు. ఇప్పుడే ఇవ్వకు. అన్నీ టఫెన్డ్ గాజులేనని, అంటే వేడి చేసి గట్టిపరచినవేనని ఫిట్టరు చెప్పాడు సరే, ఆ మాట బిల్లులో ఉందా? ‘గాజు, 5 ఎంఎం’ అని మాత్రమే రాసి ఉంటే అది మామూలు గాజు కూడా కావచ్చు.

ముందు ప్రతి పలక మూలలూ చూడు. టఫెన్డ్ లాంటి సేఫ్టీ గాజుకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2020లో ఉత్తర్వు ఇచ్చింది. గుర్తు పైన ఐఎస్ 2553 అనే ప్రమాణ సంఖ్య, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటాయి. అసలు ముద్ర గోటితో గీకినా పోదు. ఊడివచ్చే స్టిక్కరును లెక్కలోకి తీసుకోవద్దు. లైసెన్సు సంఖ్యను, ఆ గుర్తు ఇచ్చే ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే అది ఎవరిదో, ఇప్పుడు చెల్లుతుందో లేదో తెలుస్తుంది. ముద్ర చట్రంలోకి వెళ్లిపోయిందని అంటారేమో, గాజును పట్టి ఉంచే పట్టీ, అదే బీడింగ్, తీసి చూపించమను. తీయడం పెద్ద పనేమీ కాదు, బద్ధకమే పెద్దది.

మీ వాచ్‌మన్‌ని కూడా ఒక మాట అడుగు. గాజును ఇక్కడే కోసి బిగించారా అని. టఫెన్డ్ గాజును కొలిమిలో 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, చల్లగాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. ఆ తర్వాత దాన్ని కోయడం గానీ, రంధ్రం చేయడం గానీ కుదరదు. కట్టరు పెడితే మొత్తం పలుకులైపోతుంది. కాబట్టి మీ హాల్లో కూర్చుని అంచు కోసి సరిపెట్టారంటే, అది టఫెన్డ్ కాదని ఇక వేరే రుజువు అక్కర్లేదు. పొద్దున్నే పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని, ఆకాశం కనిపించే గాజును పక్కవాటుగా చూడు. టఫెన్డ్ అయితే నల్లటి మచ్చలో, చారలో లీలగా కనిపిస్తాయి. అవి లోపం కాదు, భయపడకు.

అన్ని కిటికీలకూ ఈ గొడవ అక్కర్లేదు. వంటింట్లో ఎత్తున ఉన్న వెంటిలేటరుకు మామూలు గాజు చాలు. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో గాజుకు ఒక విభాగమే ఉంది. మనిషి తూలి పడే చోట్లు, చేయి తగిలే చోట్లు అందులో ముఖ్యం: స్నానాల గది, బాల్కనీ తలుపు, నేలకు దగ్గరగా మొదలయ్యే పెద్ద కిటికీ. నాకు దిగులంతా మీ మూడో అంతస్తు హాలు కిటికీ గురించే. అక్కడ గోడ మోకాలి ఎత్తే ఉందని రాశావు, పిల్లవాడు పరుగెత్తే ఇల్లు. టఫెన్డ్ గాజు పగిలితే మొద్దు పలుకులుగా రాలిపోతుంది, కోసుకోవడం తక్కువే గానీ చట్రం ఖాళీ అయిపోతుంది. అక్కడ ల్యామినేటెడ్ గాజు కావాలి. రెండు పలకల మధ్య పొర ఉండటం వల్ల పగిలినా ముక్కలు దానికే అంటుకుని నిలుస్తాయి. ధర ఎక్కువే. ఆ ఒక్క కిటికీకి బేరం ఆడకు.

గ్రిల్లు ఎలాగూ పెట్టిస్తావు, కోతులున్న చోట తప్పదు. బయటికి పెట్టెలా పొడుచుకొచ్చే గ్రిల్లు మాత్రం వద్దు, మంజూరైన ప్లానులో లేనిది తర్వాత తలనొప్పి. లోపలి నుంచి తెరుచుకునే ఒక భాగం ఉంచమను, నిప్పంటుకుంటే బయటపడటానికి దారి కావాలి కదా.

ఇంకొకటి, చట్రం అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలను సిలికాన్‌తో మూసేశారేమో చూడు. నవంబరు వానలకు నీళ్లు గదిలోకే వస్తాయి.

ఏ కిటికీకి ఏ గాజు, ఎంత మందం, ఐఎస్ 2553 అన్నవి చేర్చి బిల్లు కొత్తగా రాయించుకో. సేఫ్టీ గాజు ఉండాల్సిన చోట ముద్ర లేని పలకలు మార్చాకే చివరి వాయిదా. ఫిట్టరు వచ్చే రోజు ముందే చెప్పు, చిత్తూరు నుంచి ఉదయం బస్సుకు బయలుదేరి వస్తాను.

మీ మామయ్య