ఎస్టీఎస్‌కి పిల్లల్ని పెట్టాలి, నాకూ ఒక గ్రాంట్ కావాలి: ప్రైవేటు మెడికల్ కాలేజీలో ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి మూడు. ఇద్దరు సెకండియర్ పిల్లలకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇచ్చే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్, అంటే ఎస్టీఎస్ అనే రెండు నెలల చిన్న పరిశోధన, అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా మీకో గ్రాంట్, అమెరికాలో ఉన్న సీనియర్లు ఇస్తామంటున్న డబ్బు. వరసగా చెప్తాను. రీసెర్చ్ సెల్ ఫైళ్లలో కూర్చున్న అనుభవంతో చెప్పే మాటలివి.

ముందు చేదు కబురు డాక్టర్ గారూ: ఆ ఇద్దరికీ మీరే గైడ్‌గా ఉండడం కుదరదు. ఎస్టీఎస్‌లో ఒక ఏడాదికి ఒక గైడ్ కింద ఒక్క విద్యార్థే. రెండో అబ్బాయికి మీ కాలేజీలోనే ఫుల్‌టైమ్ ఫ్యాకల్టీ ఒకరిని ఇప్పుడే చూడండి. పీజీలు గైడ్‌గా పనికిరారు. ఒకే టాపిక్‌ని రెండు ముక్కలు చేసి చెరొకటి పంపిద్దామనే ఆలోచన వద్దు. రెండింటి ఇంట్రడక్షనూ ఒకేలా ఉంటే కాపీ కింద పోయేది రెండూ.

ఎస్టీఎస్ డబ్బుతో పరీక్షల కిట్లు కొందామని రాశారు. అదీ జరగదు. ఇచ్చేది రెండు నెలలకు కలిపి 50,000 రూపాయలు, అది విద్యార్థి స్టైపెండ్. పైగా రిపోర్టు పంపి, దాన్ని వాళ్లు ఆమోదించాకే ఖాతాలో పడుతుంది. రిపోర్టు తిప్పికొడితే డబ్బూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. కాబట్టి కిట్లకు కాలేజీ ఖర్చు పెట్టుకుంటానని ముందే ఒప్పుకోవాలి, లేదా ఖర్చు లేని స్టడీ ఎంచుకోవాలి. రోగికి ఎలాగూ చేస్తున్న పరీక్షల ఫలితాలు, ఓపీలో బీపీ, నడుము చుట్టుకొలత, కేస్ షీట్లు, ప్రిస్క్రిప్షన్ ఆడిట్, ఇలాంటివి. "ఫలానా జబ్బు మీద అవగాహన" అంటూ ప్రశ్నాపత్రం పంచే స్టడీలు మాత్రం గుట్టలుగా వస్తాయి. మరీ కొత్త కోణం ఉంటే తప్ప నేనైతే వాటి జోలికి పోనివ్వను.

ప్రపోజల్ నిలబడేదీ కూలేదీ శాంపిల్ సైజ్, అంటే ఎంతమందిని చూడాలన్న లెక్క దగ్గర. చాలామంది పుస్తకంలో ఉన్న ఫార్ములా ఎత్తి రాస్తారు, రెండు నెలల్లో అంతమంది దొరుకుతారా అని చూడరు. ఒక లెక్క చూడండి. పాత స్టడీలో ప్రివలెన్స్ (జబ్బు ఉన్నవాళ్ల వాటా) 30 శాతం ఉందనుకుందాం. 95 శాతం కాన్ఫిడెన్స్‌కి 1.96 వర్గాన్ని 0.3తో, 0.7తో గుణిస్తే సుమారు 0.807. మన అంచనాకూ అసలు వాటాకూ తేడా అటూ ఇటూ 3 శాతమే ఉండాలని పట్టుబడితే దాన్ని 0.0009తో భాగించాలి, 897 మంది కావాలి. ఒక్క విద్యార్థి, క్లాసులు, ఇంటర్నల్స్ మధ్య, రెండు నెలల్లో 897 మందిని చూడలేడు. ఆ సంగతి రివ్యూయర్‌కీ తెలుసు. తేడా 7 శాతానికి ఒప్పుకుంటే 0.0049తో భాగిస్తే 165. పదిశాతం మంది కాదంటారనుకుని 0.9తో భాగిస్తే 184. నలభై పనిదినాలు చేతిలో ఉంటే రోజుకు ఐదుగురు. ఇది జరిగే పని. ఏడు శాతం ఎందుకు తీసుకున్నారో ఒక వాక్యంలో ఒప్పుకుంటూ రాయండి. ఏ స్టడీ నుంచి ఆ 30 శాతం తెచ్చారో రిఫరెన్స్ పెట్టండి. జబ్బు ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ పోల్చే కేస్ కంట్రోల్ స్టడీకి ఈ ఫార్ములా వాడకండి, దాని లెక్క వేరు.

రివ్యూయర్‌కి మీరెవరో తెలియకూడదు. అప్లికేషన్ ఒంట్లో ఎక్కడా విద్యార్థి పేరు, గైడ్ పేరు, కాలేజీ పేరు, ఊరు కనపడకూడదు. "మా కాలేజీ దత్తత తీసుకున్న ఫలానా గ్రామం" అని అలవాటుగా రాసేస్తారు, అక్కడితో అప్లికేషన్ పోతుంది. "ఒక టీచింగ్ హాస్పిటల్‌లో" అంటే చాలు. నోటిఫికేషన్ ఏటా ఒకే తేదీకి రాదు కనుక అది వచ్చాక టాపిక్ వెతికితే ఆలస్యమైనట్టే.

ఇక మనుషుల మీద చేసే పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ. రెండు నెలల గడువును మింగేసేది ఇదే. మీ కమిటీ మూడు నెలలకోసారి కూర్చునేదైతే, ఎస్టీఎస్ ఫలితం వచ్చేదాకా ఆగకుండా ముందే ఫైల్ పెట్టండి. అనుమతి లేఖ మీద తేదీకి ముందు ఒక్క రోగి డేటా తీసుకున్నా ఆ స్టడీ చెల్లదు. వెనక తేదీ వేయించుకోవడం అంతకంటే ప్రమాదం. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. క్లినికల్ ట్రయల్స్ చూసే కమిటీకి సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంటుంది. మామూలు బయోమెడికల్ పరిశోధన చూడాలంటే కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ మీద వచ్చిన 2019 రూల్స్ ప్రకారం డిపార్ట్‌మెంట్ ఆఫ్ హెల్త్ రీసెర్చ్ దగ్గర విడిగా నమోదై ఉండాలి. మీ కమిటీ సర్టిఫికెట్ గడువు చూసుకోండి. కన్సెంట్ ఫారం తెలుగు ప్రతి పత్రికల భాషలో కాదు, ఓపీలో మాట్లాడే భాషలో ఉండాలి. పిల్లల మీద స్టడీ అయితే తల్లిదండ్రుల సంతకంతో పాటు 7 నుంచి 12 ఏళ్ల వారి దగ్గర నోటి అంగీకారం, 12 నుంచి 18 దాకా రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి.

మీ గ్రాంట్ సంగతి. ఐసీఎంఆర్ ఎక్స్‌ట్రామ్యూరల్‌లో (బయటి సంస్థల వారికిచ్చే నిధుల్లో) స్మాల్ గ్రాంట్ అంటే 2 కోట్ల దాకా, మూడేళ్ల దాకా. "స్మాల్" అన్న మాట చూసి తేలిగ్గా తీసుకోవద్దు. ప్రైవేటు సంస్థకైతే డీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం) వారి సైరో గుర్తింపు, అంటే పరిశోధన సంస్థగా గుర్తింపు అడుగుతారు. మీ ట్రస్టుకు అది లేకపోతే ప్రపోజల్ రాసే ముందు దాని పని మొదలుపెట్టించండి, నెలలు పడుతుంది. ఈలోగా ప్రభుత్వ సంస్థలో పీఐ (ప్రాజెక్టుకు ప్రధాన పరిశోధకుడు) దగ్గర కో-ఇన్వెస్టిగేటర్‌గా చేరడం మంచి దారి. పోషకాహారం మీద ఆసక్తి ఉంటే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్, లేదంటే గాంధీ, ఉస్మానియా లాంటి ప్రభుత్వ కాలేజీల్లో మల్టీ డిసిప్లినరీ రీసెర్చ్ యూనిట్లు నడిపేవాళ్లు. వాళ్లకు పరికరాలుంటాయి, మీ దగ్గర రోగులుంటారు. ఈమెయిల్‌లో సీవీ పంపితే జవాబు రాదు. ఒక పేజీలో ప్రశ్న, నెలకు మీ ఓపీలో దొరికే కేసుల సంఖ్య రాసి పంపండి.

బడ్జెట్‌లో అందరూ తడబడేది మనుషుల జీతాల దగ్గర. ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్-3 అనే సిబ్బంది పోస్టుకి నెలకు 28,000; మూడేళ్లకు 10,08,000. దీనికి హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) కలపడం మరిచిపోతే మూడో ఏడాది చివర్లో ఆ మనిషికి జీతం ఉండదు. అలాగే పరికరం కొంటామని రాసి దాని రీఏజెంట్లు (పరీక్షకు వాడే రసాయనాలు), ఏఎంసీ (ఏటా నిర్వహణ ఒప్పందం) రాయరు. యంత్రం వస్తుంది, అట్టపెట్టెలోనే ఉంటుంది.

డబ్బు వచ్చాక గొడవంతా యుటిలైజేషన్ సర్టిఫికెట్‌ది, అంటే ఖర్చు లెక్క చూపే పత్రానిది. ప్రభుత్వ ఆర్థిక నియమాల (జీఎఫ్ఆర్) 12-ఏ ఫారంలో, ఆర్థిక సంవత్సరం వారీగా ఇవ్వాలి. మీ ప్రాజెక్టు జనవరిలో మొదలైతే మార్చి 31కే మొదటి లెక్క చెప్పాలి. "ఏడాది కాలేదుగా" అంటే కుదరదు. మిగిలిన డబ్బు తర్వాతి ఏడాదికి వాడుకోవడానికి అనుమతి అడగాలి. వడ్డీ మీది కాదు, వెనక్కి కట్టాలి. అందుకే గ్రాంట్‌ని కాలేజీ జనరల్ ఖాతాలో కలిపేస్తే ఏ వడ్డీ దేనిదో తేల్చలేక అకౌంట్స్ వాళ్లు చేతులెత్తేస్తారు. ఇంకోటి, ప్రైవేటు ఫ్యాకల్టీ కాలేజీలు మారడం మామూలే. కొన్న పరికరం సంస్థదే తప్ప మీది కాదు, ప్రాజెక్టు మీతో రావాలంటే ఐసీఎంఆర్ అనుమతి కావాలి. మూడేళ్లు అక్కడే ఉంటారని నమ్మకం లేకపోతే కో-పీఐని గట్టివారిని పెట్టుకోండి.

సీనియర్ల డబ్బు దగ్గర ముందు అడగాల్సింది ఎంత ఇస్తారని కాదు, పాస్‌పోర్టు ఏదని. భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేస్తున్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికిచ్చే) కార్డు ఉన్నా సరే, ఆ డబ్బు విదేశీ విరాళమే. అప్పుడు మీ ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు ఉండాలి. అక్కడి పూర్వ విద్యార్థుల సంఘం పంపినా అంతే. మీ సొంత ఖాతాకు వేయించుకుని ప్రాజెక్టుకు వాడే దొడ్డిదారి అస్సలు వద్దు. వాళ్లు డబ్బుతో పాటు "శాంపిల్స్ మా ల్యాబ్‌కి పంపండి, కలిసి పేపర్ రాద్దాం" అంటే అది విదేశీ సహకార పరిశోధన అవుతుంది. ఐసీఎంఆర్ ద్వారా హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ అనుమతి వచ్చేదాకా ఒక్క ట్యూబ్ కూడా ఊరు దాటకూడదు.